నెల్లూరులో మా అక్కవాళ్ల బుల్లి కంప్యూటర్‌కి ర్యామ్ పెంచాం, పైసా ఖర్చు లేకుండా

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, నెల్లూరు నుంచి. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి కదా, అది మినీ బైపాస్. ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా పోవడం లేదు, కాస్త సర్దుకుపోండి. నెయ్యి కారం దోసె, మలై కాజా, మైపాడు బీచ్ అన్నీ వేరే వీడియోల్లో వస్తాయి. ఇవాళ మాత్రం స్క్రూడ్రైవర్ పని.

మా బావకి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. గుంటల పని ఆయనది, లెక్కల పని మా అక్కది. మేత బిల్లులు, కరెంటు బిల్లులు, ఏరియేటర్ల రిపేర్లు, కూలీల పద్దు, ఏ గుంటలో ఎంత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) పడింది, ఎవరి దగ్గర్నుంచి ఎంత రావాలి, అన్నీ ఆమె దగ్గరే. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఒక పక్క, ఎక్సెల్ ఒక పక్క, రొయ్యల రేట్లు పెట్టే వాట్సాప్ గ్రూపులు ఇంకో పక్క, గుంట గట్టు మీది సీసీ కెమెరా మరో పక్క. ఇవన్నీ నడిచేది ఇదిగో, ఈ పెట్టె మీద. జానెడు పొడవు, జానెడు వెడల్పు, రెండు వేళ్ల మందం. మానిటర్ వెనక్కి నెట్టేస్తే ఇక కనపడదు. పెద్ద ఆఫీసులు కొన్నేళ్లు వాడి వదిలేసిన ఇలాంటి పెట్టెలు సెకండ్‌హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. డెల్‌లో ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవోలో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ మినీ, అన్నీ ఒక తాను గుడ్డలే. బావ దీన్ని చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించారు. నెల్లూరోళ్లకి మద్రాసు పక్కూరే కదా.

ఇప్పుడు అక్క గోల ఏంటంటే, ట్యాలీలో ఒక వోచర్ ఎక్కించి వాట్సాప్‌లోకి వెళ్తే తెల్ల స్క్రీన్. అది తేరుకున్నాక మళ్లీ ట్యాలీకొస్తే నాట్ రెస్పాండింగ్. బజార్లో ఒక షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు పాతదైపోయింది సార్, కొత్తది తీసేసుకోండి" అన్నారట.

"కొత్తదంటే ఇప్పుడు యాడ కుదురుతాది అమ్మాయ్" అంటారు మా బావ. నిజమే. 2025 ఆగస్టులో మన దేశపు సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పటి నుంచి రొయ్యల మీద బతికే ఇళ్లలో ప్రతి ఖర్చూ ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెడుతున్నారు. డల్లాస్‌లో నేను కొనే ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్ మీద ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా అని ఉంటుంది. ఆ ప్యాకెట్ రేటుకీ మా అక్క కంప్యూటర్‌కీ ఇంత దగ్గర సంబంధం ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

సరే, విప్పే ముందు చూడాల్సినవి చూద్దాం. అసలు పనంతా ఇక్కడే ఉంది, స్క్రూలు తిప్పడం ఎవరైనా తిప్పుతారు. కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. మెమరీ అంటే ఇక్కడ ర్యామే, తెరిచి ఉన్న పనులన్నీ కంప్యూటర్ చేతికందేలా పెట్టుకునే చోటు. ఫోన్ దగ్గరికి పెడుతున్నా, చూడండి. పైన కుడివైపు మూలన 4 జీబీ అని ఉంది. గీత దాదాపు పైకప్పుని తాకుతోంది, 93 శాతం. అక్క ఇంకా ఎక్సెల్ తెరవనే లేదు. కింద కుడివైపు చిన్న అక్షరాల్లో ఉన్నవి ఇంకా ముఖ్యం: స్పీడ్ 2400, స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2, ఫామ్ ఫ్యాక్టర్, అంటే ర్యామ్ ఆకారం, సోడిమ్. అంటే లోపల రెండు స్లాట్లున్నాయి, ఒకటి ఖాళీ. ఆ ఒక్క లైను చూసి ఉంటే ఆ షాపాయన కొత్తది కొనమని అనేవాడే కాదు. లేదా చూసే అన్నాడేమో!

ర్యామ్ నిండిపోతే విండోస్ ఆగిపోదు. అప్పటికి అక్కర్లేదనుకున్న వాటిని డిస్క్ మీద పేజ్ ఫైల్‌లోకి తోసేస్తుంది, కావాల్సినప్పుడు మళ్లీ లోపలికి తెచ్చుకుంటుంది. చిన్న దాకలో ఇంటిల్లిపాదికీ చేపల పులుసు పెట్టినట్టే, ముక్కలు కొన్ని తీసి పక్కన పెట్టాలి, మళ్లీ వెయ్యాలి. ఆ డిస్క్ ఎంత వేగమైన ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్ అంత వేగంగా అందించలేదు. అక్క వాట్సాప్ నుంచి ట్యాలీకి వచ్చినప్పుడల్లా జరుగుతున్నది ఇదే. ఒకవేళ మీ కంప్యూటర్లో మెమరీ సగం ఖాళీగానే ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే, అందులో పాత హార్డ్ డిస్కే ఉంటే, ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ వేసి లాభం లేదు.

ఇంకొకటి, ప్రాసెసర్ ఏ తరందో కూడా చూడండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా తీసుకునేది ఎనిమిదో తరం నుంచి. ఈ పెట్టెలో ఉన్నది ఎనిమిదో తరం ఐ5 కాబట్టి దీని మీద శ్రమ పడొచ్చు. ఆరో తరం, ఏడో తరం అయితే నేనైతే ఇంత ఉత్సాహం చూపించేదాన్ని కాదు.

ఇక ర్యామ్ కొనడం. నేను డల్లాస్ నుంచి తెద్దామనే అనుకున్నా. కానీ 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు ఏ దేశంలోనూ మన మాట వినడం లేదు. చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకు తరలిపోతున్నాయి. మైక్రాన్ కంపెనీ అయితే ఇళ్లలో వాడేవాళ్లకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అలాంటప్పుడు ఈ సోడిమ్ అన్న మాట మనకి పనికొచ్చింది. ఎందుకంటే ఈ బుల్లి పెట్టెల్లో వేసేది ల్యాప్‌టాప్ ర్యామే. పెద్ద డెస్క్‌టాప్ ర్యామ్ 13 సెంటీమీటర్ల పైన ఉంటుంది, ఇది దాదాపు అందులో సగం. మరి ల్యాప్‌టాప్ అనగానే నాకు గుర్తొచ్చింది బీరువా మీద అట్టపెట్టెలో ఉన్న మావాడి పాత ల్యాప్‌టాప్. మా అక్క కొడుకు బీటెక్‌లో వాడింది. స్క్రీన్ పోయింది, హింజ్ విరిగింది, అయినా మా అక్క పారేయదు. ఈ ఇంట్లో ఏదీ పారేయరు లెండి.

వాడు బెంగళూరులో ఉద్యోగం. ఫోన్ చేసి "రేయ్, నీ ల్యాప్‌టాప్ విప్పుతున్నా" అంటే, "పిన్నీ, అందులో నా ఫొటోలుండాయి, హార్డ్ డిస్క్ జోలికి పోబాకండి" అన్నాడు. పోలేదు నాయనా, ర్యామ్ ఒక్కటే తీశాం. ల్యాప్‌టాప్‌లో ఏది ముట్టుకోవాలన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ పీకేయాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని గుచ్చడం, వంచడం లాంటివి అస్సలు చేయొద్దు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, అవి ఇందుకు పనికిరావు. వీడిది అదృష్టవశాత్తూ ఊడి వచ్చేదే.

ఆ ర్యామ్ మీదున్న ఈ చీటీ చూడండి. 8 జీబీ, 1 ఆర్ ఎక్స్ 8, పీసీ4, 2666వీ, ఎస్‌ఏ. పీసీ4 అంటే డీడీఆర్4, మనకి కావాల్సింది అదే. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, దానికి గాటు వేరే చోట ఉంటుంది, ఎంత నొక్కినా దిగదు, నొక్కకూడదు కూడా. 2666 స్పీడు. పెట్టెలో ఉన్న పాతది 2400. రెండూ కలిపి వేస్తే రెండూ 2400కే నడుస్తాయి, నష్టమేం లేదు. రెండు స్లాట్లలో వేరు వేరు సైజులు వేయొచ్చా అంటే, ఇంటెల్ ప్రాసెసర్లలో వేయొచ్చు. 4, 8 వేస్తే రెండువైపులా నాలుగేసి జీబీ వరకు డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తుంది, మిగిలిన నాలుగు సింగిల్‌లో. రెండు ఎనిమిదులైతే ఇంకా బాగుండును గానీ, ట్యాలీకి ఇది చాలు.

ఇప్పుడు పెట్టె. షట్‌డౌన్ చేశాం, అడాప్టర్ తీగ గోడ నుంచి పీకేశాం, తర్వాత పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకున్నా, లోపల మిగిలిన కరెంటు పోతుందని. అక్క ఇప్పటికే రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"షాక్ కొడతాదేమో చూడు పాపా!"

"ప్లగ్గే లేదక్కా, ఏం షాక్ కొడుతుంది?"

"ఏమో, రేపు జీఎస్టీ లెక్కలుండాయి నాకు!"

భయపడాల్సింది మనకి కొట్టే షాక్ గురించి కాదు, మన ఒంట్లోంచి చిప్పులకి తగిలే స్టాటిక్ గురించి. నెల్లూరు ఉక్కపోతలో అది తక్కువేలెండి, డల్లాస్ చలికాలంలో అయితే తలుపు పిడి పట్టుకుంటేనే చురుక్కుమంటుంది. అయినా పెట్టె ఇనప అంచుని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. సిల్కు దుప్పటి మీద పెట్టుకుని కూర్చోకండి.

వెనకాల ఒక్కటే స్క్రూ. చేత్తోనే తిరిగింది. మూత ముందుకి జరిపి పైకి లేపితే వచ్చేసింది. అమ్మో, దుమ్ము! ఫ్యాన్ రెక్కల మీద గుంట గట్టు మట్టంతా ఇక్కడే ఉన్నట్టుంది. ఒక మూల చీమలు కూడా కాపురం పెట్టి వెళ్లిపోయాయి. నాయన గేట్లకి రంగులేసుకునే బ్రష్‌లలో కొత్తదొకటి తెచ్చి మెల్లగా దులిపాం. ఫ్యాన్ రెక్క వేలితో ఆపి దులపండి, గిరగిరా తిరగనివ్వకండి. ఈ మోడల్లో ఫ్యాన్ పక్కకి తీస్తే గానీ ర్యామ్ కనపడదు, కొన్నింట్లో మూత తీయగానే ఎదురుగా ఉంటుంది, ఇంకొన్నింట్లో అడుగువైపు మూత తీయాలి. స్క్రూలు వరసగా ఒక పళ్లెంలో వేసుకోండి, మా అమ్మ ఇచ్చిన కుంకుమ గిన్నె ఇందుకు బ్రహ్మాండంగా ఉంది.

ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్ అట్టపెట్టెలో ఊరికే పడి ఉంది కదా, బంగారు రంగు కాళ్ల మీద కొంచెం మసక. సముద్రం గాలి. ఊళ్లో ఏ మెకానిక్ అయినా ముందు చేసేది పెన్సిల్ రబ్బరుతో రుద్దడమే. చేయొచ్చు, కానీ మెత్తటి రబ్బరుతో, చాలా తేలిగ్గా. ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా దూరంగా దులపాలి. నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతోనే తుడిచా. గట్టిగా రుద్దితే ఆ పూత ఎంత పల్చనిదో అప్పుడు తెలుస్తుంది.

ఇదిగో, ఇది చూడాల్సిన ఘట్టం. స్టిక్‌కి ఉన్న గాటు, స్లాట్‌లో ఉన్న మిట్ట ఎదురెదురుగా రావాలి. నిటారుగా కాదు, పడుకోబెట్టీ కాదు, ముప్పై డిగ్రీలు ఏటవాలుగా పెట్టి లోపలికి తోయాలి, బంగారు గీత దాదాపు కనపడనంత వరకు. ఆ తర్వాత మెల్లగా కిందికి వంచితే రెండువైపులా ఉన్న క్లిప్పులు వాటంతటవే టక్కుమని పట్టుకుంటాయి. రెండు టక్కులూ వినపడాలి. వినిపించిందా మీకు? హారన్ మోతలో నాకే సరిగ్గా వినపడలేదు, అందుకే వేలితో తడిమి చూశా.

ఫ్యాన్ పెట్టాం, దాని తీగ తగిలించాం, మూత వేశాం, ప్లగ్ పెట్టి బటన్ నొక్కాం. నల్ల స్క్రీన్. లైటు వెలుగుతోంది, స్క్రీన్ మాత్రం రాదు. అక్క మొహం చూడాలి! కొత్త ర్యామ్ వేసిన తర్వాత మొదటిసారి కంప్యూటర్ దాన్ని పరీక్షించి సర్దుకోవడానికి కాస్త టైం తీసుకుంటుంది. టెన్షన్ పడి వెంటనే ప్లగ్ పీకేయకండి. కాసేపటికి మెమరీ మొత్తం మారింది అని మెసేజ్ వచ్చింది, ఒక కీ నొక్కమంది, నొక్కాం, విండోస్ తెరుచుకుంది. ఎంతకీ రాకపోతే మాత్రం ఆపేసి, స్టిక్ తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. చాలాసార్లు అది సరిగా కూర్చోకపోవడమే కారణం.

టాస్క్ మేనేజర్: 12 జీబీ, స్లాట్స్ యూజ్డ్ 2 ఆఫ్ 2. వాడుకోగలిగింది 12కి కొంచెం తక్కువ చూపిస్తుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఇందులోంచే కాస్త పక్కకి తీసుకుంటుంది. రాత్రి పడుకునే ముందు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి అది పెట్టి వదిలేశా. పాత స్టిక్ కదా, అక్క లెక్కల మీద ప్రయోగం చేయలేం. పొద్దున చూస్తే తప్పులేం లేవు. ట్యాలీ, ఎక్సెల్, వాట్సాప్, కెమెరా, అన్నీ తెరిచి పెట్టినా సగం దగ్గరే ఆగింది గీత.

డల్లాస్‌లో నా టేబుల్ మీద ఎం1 మ్యాక్ మినీ ఉంది. చక్కటి మెషీన్, కాదనను. కానీ దాని ర్యామ్ కొన్నరోజు ఎంతో చివరిదాకా అంతే, ప్రాసెసర్‌తో కలిపి ఒకే ప్యాకేజీలో ఉంటుంది. 2012 మ్యాక్ మినీకి అడుగున గుండ్రటి మూత తిప్పితే చాలు, ర్యామ్ చేతికొచ్చేది. 2014లో బోర్డుకి అతికించేశారు. 2018లో మళ్లీ స్టిక్కులు పెట్టారు గానీ బోర్డు మొత్తం బయటికి లాగితే తప్ప అందవు. అంత డబ్బు పోసి కొన్న నాదాని కంటే, వెనకాల ఒక్క స్క్రూతో తెరుచుకునే మా అక్క సెకండ్‌హ్యాండ్ పెట్టె మీద నాకు కుళ్లుగా ఉంది.

మధ్యాహ్నం బావ స్నేహితుడొకాయన వచ్చారు, మేత షాపు ఆయనది. "మా షాపులో దానికీ ఒకటి వేసి పెట్టమ్మా, మావాడి పాత ల్యాప్‌టాప్ కూడా ఉండాది" అన్నారు. టాస్క్ మేనేజర్ ఫొటో పంపమన్నా. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర డిమ్ అని ఉంది, నిలువు క్యాబినెట్. దానికి 288 కాళ్ల పొడుగు ర్యామ్ కావాలి, 260 కాళ్ల ల్యాప్‌టాప్‌ది ఎక్కదని చెప్పా.

"అయితే మా కంప్యూటర్నే చిన్నది చేసెయ్యరాదా" అన్నారాయన.