నీటివైపు వాకిళ్లున్న కోట

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం దక్షిణ ఫ్రాన్సులోని ఏగ్‌మోర్త్ అనే చిన్న ఊరి కోటగోడ గురించి మాట్లాడతాను. కామార్గ్ చిత్తడినేలల అంచున, గుట్టగానీ మిట్టగానీ లేని చోట కట్టిన కోట అది.

13వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీకి మధ్యధరా తీరంలో సొంత రేవు లేదు. మార్సెయ్ రేవు పక్కనున్న ప్రొవాన్స్ సీమ ప్రభువుల ఏలుబడిలో ఉంది, మోపెలియే నగరం స్పెయిన్ వైపునున్న ఆరగాన్ రాజుది. క్రూసేడుకు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మతయుద్ధానికి, ఓడలెక్కాలంటే ఇంకొకరి అనుమతి అడగాలి. అందుకే 1240లో సామోడీ మఠం సన్యాసుల దగ్గర ఈ బురదనేల తీసుకున్నాడు. మనుషులు వచ్చి కాపురం ఉండాలని 1246లో పన్ను మినహాయింపులతో శాసనం ఇచ్చాడు. 1248లో ఇక్కడినుంచే క్రూసేడుకు బయలుదేరాడు. 1270లో మళ్లీ వెళ్లి ఉత్తర ఆఫ్రికాలోని ట్యునిస్ దగ్గర కన్నుమూశాడు.

ఇప్పుడు మనం చూసే ప్రాకారం ఆయన కళ్లతో చూసింది కాదు. ఊరి నడిబొడ్డున విగ్రహం ఆయనదే గాని, 1272లో గోడ పని మొదలుపెట్టించింది కొడుకు మూడో ఫిలిప్. ఇటలీలోని జెనోవా నగరానికి అధినేతగా పనిచేసిన గుల్యెల్మో బొకనేగ్రా ఆ పనికి ఒప్పుకున్నాడు. సొంత డబ్బు పెడతాడు, బదులుగా ఊరి ఆదాయంలో వాటా తీసుకుంటాడు. రెండేళ్లకే ఆయన పోయాడు. 1300 ప్రాంతానికి నాలుగో ఫిలిప్ హయాంలో గోడ పూర్తయింది.

చుట్టుకొలత సుమారు 1,640 మీటర్లు, ఎత్తు 11 మీటర్లు. బురుజులు, బాణపు రంధ్రాలు అన్నీ ఉన్నాయి. నన్ను ఆకట్టుకునేవి మాత్రం వాకిళ్లే. మొత్తం పదిలో ఐదు ఒక్క దక్షిణపు గోడకే ఉన్నాయి. శత్రుభయంతో కట్టే గోడకు ఒకే పక్కన ఇన్ని కంతలు ఎవరు పెడతారు? అటువైపు నీళ్లుండేవి, సరుకు దిగేది. గాలియన్లనే ఓడల పేరున్న వాకిలి, నావికుల వాకిలి, ఓడల్ని కట్టే ఇనుపకడియం పేరున్న ఓర్గనో వాకిలి: పేర్లు ఇప్పటికీ అవే. ఈ గోడ కాపాడింది సైన్యాన్ని కన్నా వ్యాపారాన్నే ఎక్కువని నా నమ్మకం.

తర్వాత రేవును సముద్రంతో కలిపే కాలువలు ఒండ్రుతో పూడిపోయాయి. 1481లో ప్రొవాన్స్ ఫ్రాన్సులో కలిసి మార్సెయ్ రేవు ఫ్రాన్సు రాజు చేతికి రావడంతో ఏగ్‌మోర్త్ అవసరం తీరిపోయింది. ఆ పేదరికమే గోడను బతికించింది. పక్కనున్న మోపెలియే గోడల్లో ఇప్పుడు మిగిలినవి ఒకటి రెండు బురుజులు. ఇక్కడ ఊరు పెరగలేదు, కాబట్టి గోడ పడగొట్టి చోటు చేసుకోవలసిన పని పడలేదు.

ప్రాకారానికి వాయవ్య మూలలో, కాస్త విడిగా, కోన్స్తాన్స్ బురుజు ఉంది. లూయీ కట్టించినదే. గోడ మందం ఆరు మీటర్లు, నెత్తిన దీపస్తంభం. ఓడలకు దారి చూపిన ఆ బురుజు తర్వాత చెరసాలగా మిగిలింది. 18వ శతాబ్దంలో, కాథలిక్ ఫ్రాన్సులో నిషేధించిన ప్రొటెస్టంటు క్రైస్తవ శాఖకు చెందిన స్త్రీలను అందులో పెట్టారు. వాళ్లలో మారీ డ్యురాన్ అనే ఆమెను 1730లో తెచ్చారు. ఆమె అన్న ప్రొటెస్టంటు మతబోధకుడు, అదే ఆమె నేరం. మతం మార్చుకుంటానని ఒక్క మాట అంటే వదిలేసేవారు. ఆమె అనలేదు. లోపల బావిగట్టు రాతిమీద “ఎదిరించు” అనే మాట చెక్కి ఉంది. చెక్కింది ఆమేనంటారు. 38 ఏళ్ల తర్వాత, 1768లో, ఆ ఊరున్న లాంగ్‌డాక్ సీమ పాలకుడు బోవో ప్రభువు చొరవతో విడుదలై తను పుట్టిన ఇంటికి చేరింది. 1776లో అక్కడే చనిపోయింది.