పిస్టల్ మూలల్లో మసి: ఏ పనిముట్టు ఎక్కడ పనికొస్తుంది?

నమస్కారం. ఇవాళ బల్ల మీద ఆరు వస్తువులున్నాయి. రెండు కొసలా కుచ్చున్న నైలాన్ బ్రష్, ఇయర్ బడ్స్, పైప్ క్లీనర్లు, ప్లాస్టిక్ పిక్, స్టీల్ పిక్, గాలి డబ్బా. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో వేలు దూరని, గుడ్డ అందని చోట్ల వీటిలో ఏది పనిచేస్తుంది, ఏది పని చెడగొడుతుంది అన్నదే ఈ రివ్యూ. బ్యారెల్ (గొట్టం) లోపల తోమడం జోలికి ఇవాళ పోను. బ్యారెల్ ఎంత తళతళలాడినా ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ షెల్‌ని లాగే కొక్కెం) కింద మసి గట్టిపడితే పిస్టల్ మొరాయిస్తుంది.

ముందు ఖాళీ చేద్దాం. ఇక్కడ వరస చాలా ముఖ్యం. మొదట మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జారే భాగం) లాగాలి. ఇది తారుమారైతే ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక కొసలో, ఉన్న తూటా బయట పడుతుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకోటి వెళ్లి అదే చోట కూర్చుంటుంది. మీరేమో ఖాళీ అయిందనుకుంటారు. స్లైడ్‌ని వెనక్కి లాక్ చేసి, ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. గ్లాక్ లాంటి వాటిలో స్లైడ్ ఊడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. అందుకే నొక్కేముందు మళ్లీ చూడండి, గొట్టాన్ని ఎవరూ లేని, సురక్షితమైన వైపు తిప్పి ఉంచండి. స్లైడ్, బ్యారెల్, స్లైడ్‌ని ముందుకి నెట్టే రికాయిల్ స్ప్రింగ్, పిడి ఉన్న ఫ్రేమ్, ఇంతవరకు విడదీస్తే చాలు. కంటికి అద్దాలు, చేతికి నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి. ఈ మసిలో సీసం ఉంటుంది.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను. స్లైడ్‌ని వెల్లకిలా తిప్పాను. తూటా అడుగు ఆనుకునే ఈ చదునైన గోడ బ్రీచ్ ఫేస్. మధ్యలో సన్నటి రంధ్రం ఫైరింగ్ పిన్‌ది. పక్కన, చాలా పిస్టళ్లలో కుడివైపు, పిల్లి గోరులా వంగిన కొక్కెం ఉంది చూడండి, అదే ఎక్స్‌ట్రాక్టర్. ఖాళీ షెల్ అంచుని పట్టుకుని బయటికి లాగేది ఇదే. దాని వంపు కింద నల్లగా పేరుకున్నది మసి, ఇత్తడి రజను కలిసి గట్టిపడ్డ పొర. అది మందమయ్యేకొద్దీ కొక్కెం షెల్ అంచుని పూర్తిగా అందుకోలేదు. షెల్ ఛాంబర్‌లోనే ఉండిపోతుంది, వెనకనుంచి కొత్త తూటా వచ్చి దాన్ని గుద్దుతుంది. దానితో రెండూ ఇరుక్కుంటాయి.

ఇక్కడ ఇయర్ బడ్ పనికిరాదు. దూది ఉబ్బుగా ఉంటుంది కాబట్టి వంపు కిందికి దూరదు, పైగా పీచు కొక్కేనికి చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. చెక్క టూత్‌పిక్ కూడా వద్దు, కొస విరిగి లోపలే ఉండిపోవచ్చు. ముందు నైలాన్ బ్రష్ సన్న కొసకి ఒక్క చుక్క సాల్వెంట్ (మసి కరిగించే ద్రవం) తగిలించి రుద్దండి, రెండు నిమిషాలు నాననివ్వండి. తర్వాత ప్లాస్టిక్ పిక్‌ని వంపు లోపల లోతునుంచి బయటికి లాగండి. పొర పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది. స్టీల్ పిక్ ఇంకా త్వరగా తీస్తుంది, ఒప్పుకుంటాను. కానీ జారితే పూత గీసుకుపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. నా ఓటు ప్లాస్టిక్ పిక్‌కే. అరిగితే కొస చెక్కుకోండి.

రుద్దుతున్నంతసేపూ స్లైడ్‌ని గొట్టం వైపు కిందికి వంచి పట్టుకోండి. లేదంటే కరిగిన మసి ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి జారుతుంది. చాలామంది చేసే పెద్ద పొరపాటు ఇక్కడే: మూల అందలేదని సాల్వెంట్ స్ప్రే కొట్టేస్తారు. మసి బయటికి రాదు, మరింత లోపలికి పోతుంది. ఫైరింగ్ పిన్ దారి పొడిగా ఉండాలి, నూనె చుక్క కూడా పడకూడదు. నూనెలో మసి కలిస్తే బంక అవుతుంది, చలికి ఇంకా చిక్కబడుతుంది, పిన్ వేగం తగ్గుతుంది. తూటా అడుగున పేలుడు మొదలుపెట్టే ప్రైమర్ మీద పిన్ గాటు లోతుగా పడదు, తూటా పేలదు. ఇప్పటికే లోపలికి నూనె పోయిందనిపిస్తే, పిన్ తీసే పద్ధతి మీ మాన్యువల్‌లో ఉంటేనే తీయండి. లేకపోతే గన్ మెకానిక్‌కి ఇవ్వండి.

ఫ్రేమ్ లోపల ట్రిగ్గర్‌కి తగిలించిన ట్రిగ్గర్ బార్ చుట్టూ, ఖాళీ షెల్‌ని బయటికి విసిరే ఎజెక్టర్ మొదట్లో పైప్ క్లీనర్‌ని మించింది లేదు. దాని కొసని అర అంగుళం వెనక్కి మడవండి, లోపలి తీగ గీతలు పెట్టకుండా. ఫ్రేమ్‌ని తలకిందులు చేసి తుడిస్తే రజను బయటికే రాలుతుంది. స్లైడ్ జారే పట్టాల గాడులకి పిక్ మీద గుడ్డ ముక్క మడిచి లాగండి. ఇయర్ బడ్ కూడా ఇక్కడ బాగానే పనిచేస్తుంది, ఆఖర్లో పీచు మిగలకుండా చూసుకుంటే చాలు. తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్‌కి నైలాన్ బ్రష్ సరిపోతుంది. మెరవాలని ఉప్పు కాగితం పెట్టకండి, వాలు మారితే తూటా ఎక్కదు. .22 పిస్టల్ అయితే బుల్లెట్ మీది మైనం కూడా పేరుకుంటుంది, ఇవే చోట్లు మరింత తరచుగా చూసుకోవాలి.

మ్యాగజైన్ అడుగు పలక తీసేటప్పుడు స్ప్రింగ్ ఎగరకుండా బొటనవేలు అడ్డం పెట్టండి, ఏ కొస పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. లోపల పొడి గుడ్డతోనే తుడవండి. నూనె రాస్తే దుమ్ము పడుతుంది, తూటాల్ని పైకి నెట్టే ఫాలోవర్ బిగుసుకుంటుంది.

ఇక గాలి డబ్బా. వాడొద్దనే చెబుతాను. మూలలో మసి ఎగిరి గదంతా పడుతుంది, అందులోని సీసం మీరు పీలుస్తారు. అమ్మోనియా ఉన్న సాల్వెంట్ బ్యారెల్‌లో రాగి తీయడానికే, నికెల్ పూతకి తగలనివ్వకండి. కారు బ్రేకుల క్లీనర్‌తో కొన్ని రకాల ప్లాస్టిక్, సైట్ల మీది రంగు చుక్కలు పాడవుతాయి.

చివర్లో ఒక్కో పట్టాకి ఒక్క చుక్క నూనె. బిగించి, ఖాళీ పిస్టల్ స్లైడ్‌ని ఐదారుసార్లు లాగండి, పైకి ఊరిన నూనె తుడిచేయండి. ఎక్స్‌ట్రాక్టర్‌ని మాత్రం స్లైడ్ బిగించకముందే పిక్‌తో పక్కకి నెట్టి చూడండి. వదలగానే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా కదిలితే లోపల ఇంకా మసి ఉంది, మళ్లీ పిక్ పట్టుకోండి. పని అయ్యాక గ్లోవ్స్ తీసి సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ తర్వాతే ఏదైనా తినండి.