గుమ్మం అవతల ఉండాల్సిన క్యాల్షియం

శ్రోతలకు నమస్కారం.

మా మేనత్తది భీమవరం. డెబ్బై రెండేళ్ళు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో రెండు అట్టలు. ఒకటి మోకాళ్ళ డాక్టరు రాసిన క్యాల్షియం బిళ్ళలు. రెండోది బీపీకి వాడే అమ్లోడిపిన్. మొదటి అట్ట సగం ఖాళీ అయింది. రెండోదాంట్లో ఒక్క బిళ్ళా కదల్లేదు.

"ఒకాయనేమో క్యాల్షియం వేసుకోమంటాడు. ఇంకొకాయన క్యాల్షియం ఆపే మందు రాశాడు. మనవడు ఫోన్లో చూసి చెప్పాడు, దీన్ని క్యాల్షియం ఛానెల్ బ్లాకర్ అంటారట. ఉన్న ఎముకలు కూడా గుల్లబారితే ఎవడు చూస్తాడురా?" అంది. అలా నెల్లాళ్ళుగా బీపీ బిళ్ళ మానేసింది. మిషన్ పెట్టి చూస్తే పై అంకె 178.

ఆమె అడిగింది చాలా మంచి ప్రశ్న. ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకునే నాకు, బాగా చదువుకున్నవాళ్ళ నుంచీ ఇదే ప్రశ్న ఎన్నోసార్లు ఎదురైంది. క్యాల్షియానికీ పక్షవాతానికీ ఉన్న సంబంధమంతా అందులోనే ఉంది.

మన ఒంట్లో ఉన్న క్యాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క వంతు గురించే ఇవాళ మాట్లాడుకుంటున్నాం. దాని సంగతి మొదట బయటపడిన తీరు వినండి. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పు ద్రావణంలో ఉంచి పరిశీలిస్తున్నారు. గుండె గంటల తరబడి చక్కగా కొట్టుకుంది. తీరా విచారిస్తే, ఆ ద్రావణం శుద్ధి చేసిన నీటితో కాకుండా ఊళ్ళోకి వచ్చే పైపు నీళ్ళతో కలిపారని తేలింది. శుద్ధమైన నీటితో మళ్ళీ కలిపి పోస్తే కాసేపటికే గుండె ఆగిపోయింది. పైపు నీళ్ళలో ఉన్నదీ, శుద్ధమైన నీళ్ళలో లేనిదీ క్యాల్షియం. తన ముందటి వ్యాసంలోని పొరపాటును 1883లో ఆయనే స్వయంగా దిద్దుకున్నారు. అలా దిద్దుకోవడం నాకు ఆ ప్రయోగం కంటే గొప్పగా అనిపిస్తుంది.

గుండె కండరమైనా, రక్తనాళం గోడలోని కండరమైనా బిగుసుకోవాలంటే కణం లోపలికి చిటికెడు క్యాల్షియం రావాలి. నాడీకణం పక్క కణానికి కబురు పంపాలన్నా అంతే. కబురు అందగానే దాన్ని మళ్ళీ బయటికి తోడెయ్యాలి. కణం లోపల స్వేచ్ఛగా తిరిగే క్యాల్షియం ఒక పాలు అనుకుంటే, బయట దాదాపు పదివేల పాళ్ళు ఉంటుంది. గోదావరి మీద చిల్లులున్న నావలో కూర్చుని, ఆగకుండా నీళ్ళు తోడిపోస్తున్న మనిషిని ఊహించుకోండి. మన ప్రతి కణం పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్నది ఆ పనే.

తోడటానికి శక్తి కావాలి. ఆ శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరం నుంచి వేరుచేసి చూపినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనుక్కున్నారు. సుబ్బారావు గారు 1895లో పుట్టింది భీమవరంలోనే. ఈ మాట చెప్పినప్పుడు మా మేనత్త కాస్త నిటారుగా కూర్చుంది.

ఇప్పుడు పక్షవాతం సంగతికి వద్దాం. మెదడులో ఒక రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందనుకోండి. ఆక్సిజన్ రాదు, గ్లూకోజు రాదు. నిమిషాల్లో ఏటీపీ అడుగంటుతుంది. తోడే మనిషి చెయ్యి ఆగిపోతుంది. కణాలు తమ దగ్గరున్న గ్లుటమేట్ అనే రసాయనాన్ని అదుపు లేకుండా బయటికి వదులుతాయి. దాంతో పక్క కణాల్లో క్యాల్షియం వచ్చే ద్వారాలు, అంటే ఛానెళ్ళు, బార్లా తెరుచుకుని, క్యాల్షియం వరదలా లోపలికొస్తుంది. చిటికెడు ఉండాల్సిన చోట అంత క్యాల్షియం చేరితే, మామూలుగా నిద్రపోతున్న ఎంజైములు లేచి నావ చెక్కలనే కొరికేస్తాయి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక లెక్క కట్టారు. నిమిషానికి!

మరి ఆ ద్వారాలు మూసే మందు ఇస్తే సరిపోదా? ప్రపంచంలోని పరిశోధకులు దశాబ్దాలుగా పట్టుకు వేళ్ళాడిన ప్రశ్న ఇదే. ఎలుకల్లో బాగా పనిచేసిన మందులు మనుషుల దగ్గరికొచ్చేసరికి ఒకదాని తర్వాత ఒకటి ఓడిపోయాయి. నన్ను ఎక్కువ కలచివేసింది క్యాలిఫోర్నియా ప్రయోగం. మెగ్నీషియం కూడా ఆ ద్వారాలకు అడ్డుపడుతుంది. ఆసుపత్రి దాకా ఆగకుండా అంబులెన్సులోనే ఎక్కిస్తే కణాలు దక్కుతాయని 1700 మందిలో చూశారు. చాలామందికి మొదటి గంటలోనే మందు అందింది. అంత తొందరగా ఇచ్చినా, 2015లో ఫలితాలు వచ్చేసరికి మందు ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ తేడా లేదు.

ఒక్కచోట మాత్రం గెలుపు దొరికింది. మెదడు ఉపరితలం మీద రక్తనాళం ఉబ్బి పగిలి, పొరల మధ్య రక్తం చేరే జబ్బు ఒకటుంది. అందులో నిమోడిపిన్ అనే క్యాల్షియం ఛానెల్ బ్లాకర్ ఇస్తారు. 1989లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో 554 మంది రోగులున్నారు. మందు లేనివాళ్ళలో 33 శాతం మందికి మెదడులో కొంత భాగం చచ్చుబడితే, మందు తీసుకున్నవాళ్ళలో అది 22 శాతం. నాలుగు గంటలకోసారి, రాత్రీ పగలూ, 21 రోజులు వెయ్యాలి. తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి బిళ్ళ మింగించే ఇంటివాళ్ళ చేతుల్లో ఆ చికిత్స సగం ఉంటుంది.

ఈ ఓటములన్నీ చూశాక నాకు స్పష్టంగా తోచేది ఒకటే. మెదడు కణంలోకి వరద వచ్చాక ద్వారం మూయడం మనకింకా చేతకాలేదు. రక్తనాళం గోడ దగ్గర, జబ్బు రాకముందు మూయడం మాత్రం చేతనైంది. అది చేసేదే అమ్లోడిపిన్. నాళం గోడలోని కండరంలోకి వెళ్ళే క్యాల్షియాన్ని కొంచెం తగ్గిస్తుంది. కండరం సడలుతుంది, నాళం విప్పారుతుంది, బీపీ దిగుతుంది. రక్తంలోని క్యాల్షియాన్ని తగ్గించదు, ఎముకల జోలికి అసలే పోదు. 19,257 మంది పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం 2005లో వెలువడింది. అందులో అమ్లోడిపిన్‌తో మొదలుపెట్టిన చికిత్సలో, అటెనోలాల్ అనే మరో బీపీ మందుతో మొదలుపెట్టిన పాత పద్ధతి కంటే పక్షవాతం 23 శాతం తక్కువగా వచ్చింది.

క్యాల్షియం బిళ్ళల సంగతి వేరు. వాటివల్ల గుండెపోటు ముప్పు సుమారు 30 శాతం పెరుగుతుందని 2010లో న్యూజిలాండ్ పరిశోధకులు అన్నారు. అంత లేదని మరికొందరు చూపించారు. వాదన నడుస్తూనే ఉంది. తిండిలోని క్యాల్షియంతో మాత్రం అలాంటి ముప్పు తేలలేదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు ఉండనే ఉన్నాయి. డాక్టరు రాస్తే బిళ్ళ వేసుకోండి, షాపులో అడిగి మాత్రం కొనుక్కోవద్దు. స్కానింగులో రక్తనాళాల్లో క్యాల్షియం పేరుకుందని రాస్తే అది మీరు తాగిన పాలవల్ల కాదు. ఏళ్ళ తరబడి కొవ్వు చేరి, దెబ్బతిన్న గోడలో మిగిలిన మచ్చ అది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంట్లో ఉన్న బీపీ బిళ్ళ నాలుక కింద పెట్టకండి. ఒకప్పుడు నిఫెడిపిన్ అనే బీపీ మందు గొట్టం మాత్రను సూదితో గుచ్చి అలా వేసేవారు. బీపీ ఒక్కసారిగా పడిపోయి, మెదడుకు అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గేది. 1996 నాటికే ఆ పద్ధతి ఆపాలని వైద్యులు గట్టిగా రాశారు. ఆస్పిరిన్ కూడా వద్దు. గడ్డ కట్టిందో, నాళం చిట్లిందో స్కాన్ చేస్తేగానీ తెలియదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, లక్షణం మొదలైన టైము గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు.

మా మేనత్త బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టింది. రెండు నెలలకు ఫోన్ చేసి, సాయంత్రానికి చీలమండలు వాచి చెప్పుల పట్టీ గుర్తు పడుతోందని, ఇదీ క్యాల్షియం పనేనా అని అడిగింది. బిళ్ళలోని క్యాల్షియం పని కాదు, క్యాల్షియాన్ని ఆపే అమ్లోడిపిన్ పని. చిన్న ధమనులు విప్పారినప్పుడు కొంత నీరు కణజాలంలోకి ఊరుతుంది. మానెయ్యొద్దు, డాక్టరుకు చూపించు అత్తయ్యా అన్నాను. ఆయన 10 మిల్లీగ్రాములను 5కి తగ్గించి, టెల్మిసార్టన్ అనే మరో బీపీ మందు కలిపి రాశారు. ఇప్పుడు పొద్దున అది, మధ్యాహ్నం అన్నం తిన్నాక క్యాల్షియం. మొన్న ఆదివారం పై అంకె 132.

సెలవు. నమస్కారం.