హై గెయిన్ పికప్ కొనేటప్పుడు ఓమ్స్ చూసి మోసపోకండి
ఏవండీ అందరూ బాగున్నారా, భీమవరం నుంచి మళ్ళీ మన గిటార్ గోల. ఇవాళ టేబుల్ మీద మూడు బ్రిడ్జ్ పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చి ఆంప్‌కి పంపే, బ్రిడ్జ్ దగ్గర కూర్చునే కాయిల్, మ్యాగ్నెట్ ముక్కలు) పెట్టా, డైమార్జియో సూపర్ డిస్టార్షన్, సేమూర్ డంకన్ జేబీ, ఈఎంజీ 81. మూడూ ఒకే గిటార్‌లో, డ్రాప్ సి ట్యూనింగ్‌లో (అన్నిటికంటే లావు తీగని, అంటే కింది స్వరం తీగని, సి దాకా దించి), ఆంప్ నాబ్ ఒక్కటి కూడా కదపకుండా ఒకటే రిఫ్ (చిన్న బిట్) వాయించి వినిపిస్తా.

దానికి ముందు చిన్న మాట. మన కుర్రాళ్ళు పికప్ అనగానే మొదట అడిగేది "అన్నా ఎన్ని కె?" అని, అంటే కాయిల్ తీగ నిరోధం ఎన్ని కిలో ఓమ్స్ అని. జేబీ 16 కిలో ఓమ్స్ పైనే చూపిస్తుంది, సూపర్ డిస్టార్షన్ 13 చిల్లర, అంతమాత్రాన జేబీ ఎక్కువ మొత్తుతుంది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సన్న తీగ చుడితే అన్నే చుట్లకి ఓమ్స్ పెరుగుతాయి, మ్యాగ్నెట్ సంగతేమో ఆ నంబర్‌లో అసలు కనపడదు. జేబీలో ఆల్నికో 5, సూపర్ డిస్టార్షన్‌లో సిరామిక్, కొట్టుడులో తేడా చాలావరకు అక్కడే వస్తుంది. ఇంకోటి తెల్సా, రాగి తీగ వేడెక్కితే ఓమ్స్ వాటంతటవే పెరుగుతాయి, 20 డిగ్రీల దగ్గర 16 కె ఉన్న పికప్పే మన రోహిణీ కార్తెలో 42 డిగ్రీల్లో కొలిస్తే 17 దాటేస్తుంది, మరి గెయిన్ (సిగ్నల్‌ని పెంచే బలం) పెరిగిందంటారా?

అసలు గెయిన్ ఇచ్చేది ఆంపండి. పికప్ చెయ్యాల్సింది ఏంటంటే, పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగల మీద ఆనించి) కొట్టినప్పుడు కింది తీగ బురద అవ్వకుండా చూడటం. మరీ ఎక్కువ చుట్లు చుట్టేస్తే పైన మెరుపు పోయి మధ్యలో గుబురుగా తయారవుతుంది, డ్రాప్ ట్యూనింగ్‌లో అదే అసలు తలనొప్పి. జేబీతో సోలోలు భలే పాడతాయి కానీ డ్రాప్ సి రిఫ్‌లో కింద కాస్త వదులుగా ఉంటుంది నాకైతే. సూపర్ డిస్టార్షన్ 1972 నాటిది, ఇప్పటికీ లావుగా గట్టిగా బాగా కొడుతుంది, పాత తరహా హెవీకి నేను దీనికే ఓటేస్తా.

ఇక మన ఏరియా గోల. చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రంతా ఏరియేటర్లు, అదే లైన్ మీద మోటార్లు, ఇళ్ళల్లో ఎర్తింగ్ ఉందో లేదో దేవుడికెరుక. హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్, ఈ మూడూ అవే) కాయిల్స్ కలిసి హమ్‌ని (కరెంటు గుయ్ మోతని) కొట్టేస్తాయి నిజమే కానీ, గిటార్ లోపలి వైర్లు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి) పట్టుకునే బర్రుని అవేం ఆపలేవు, హై గెయిన్‌లో అదంతా బయటికొచ్చేస్తుంది. ఇక్కడ ఈఎంజీ 81 దున్నేస్తుంది. లోపలే ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందే పెంచే చిన్న సర్క్యూట్), 9 వోల్ట్ బ్యాటరీ, వాయించడం ఆపితే నిశ్శబ్దం. స్ట్రింగ్ గ్రౌండ్ వైర్ (తీగల్ని గ్రౌండ్‌కి కలిపే వైరు) కూడా కలపక్కర్లేదు, తీర్థాల్లో జనరేటర్ స్టేజీ మీద పెదాలు మైకుకి తగిలి షాక్ తిన్నోళ్ళకి దాని విలువ తెలుస్తుంది. అలాగని ఇంట్లో ఎర్తింగ్ వదిలేయకండి బాబూ, అది ముందు చేయించండి.

బ్యాటరీ వేల గంటలు వస్తుంది, కానీ వాయించేశాక కేబుల్ పీకాలి, జాక్‌లో ఉన్నంతసేపూ కరెంటు పోతానే ఉంటది. దీనికి 25 కె పాట్‌లు కావాలి, పాత 500 కె వాటికి తగిలిస్తే వాల్యూమ్ స్విచ్ వేసినట్టు ఆన్ ఆఫ్ అన్నట్టుంటది. క్లీన్ సౌండ్ మాత్రం నాకు చప్పగానే ఉంది, దాచడం ఎందుకు.

కొత్తది కొనే ముందు ఉన్న పికప్ హైట్ ఓసారి చూడండి, చివరి ఫ్రెట్ నొక్కి తీగకీ పికప్‌కీ మధ్య 2 మిల్లీమీటర్లు చుట్టుపక్కల పెట్టి వాయించి చూడండి, కొందరికి ఆ స్క్రూ తిప్పగానే పనైపోతుంది.

సరే ఇప్పుడు క్లిప్పులు, ముందు జేబీ, తర్వాత సూపర్ డిస్టార్షన్, చివర్లో 81. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో కింది తీగ వినపడదు.