శనివారం పదకొండు గంటల కౌంటర్: చిన్న స్కైడైవింగ్ కేంద్రాల సాఫ్ట్‌వేర్‌కి ధర కట్టడం

(విశాఖపట్నంలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల వారి కోసం తయారుచేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విశాఖలో పారాషూట్ అనగానే ఎవరికైనా నేవీ డే గుర్తొస్తుంది. ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తాం. ఈరోజు మాట్లాడుకునేది ఆ దూకుళ్ల గురించి కాదు. డబ్బు కట్టి దూకే మామూలు జనం, వాళ్లని దూకించే చిన్న వ్యాపారాలు, ఆ వ్యాపారాలకు మనం ఇక్కడ మధురవాడలోనో సిరిపురంలోనో కూర్చుని రాసే సాఫ్ట్‌వేర్, దాని ధర. ఇలాంటి కేంద్రాన్ని డ్రాప్‌జోన్ అంటారు. మన దేశంలో ఇవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అమెరికాలో యూఎస్‌పీఏ అనే పారాషూట్ సంఘానికి అనుబంధంగా ఉన్నవే 200 పైచిలుకు. ఆస్ట్రేలియా, యూరప్ కలుపుకున్నా మొత్తం సంత కొన్ని వందలు దాటదు. ఈ అంకెను మర్చిపోకండి, చివర్లో దీనితో పని ఉంది.

ముందు కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. ఆ కౌంటర్‌ని మానిఫెస్ట్ అంటారు. విమానం ఒకసారి ఎగిరితే అది ఒక లోడ్. చిన్న కేంద్రాల్లో ఎక్కువగా కనిపించే సెస్నా 182లో పైలట్ కాక నలుగురు పడతారు. అంటే రెండు టాండెమ్ జంటలు: ఇద్దరు ప్రయాణికులు, వాళ్లని తమకు కట్టుకుని దూకే ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి శ్రీకాకుళం వెళ్లే నాన్‌స్టాప్ బస్సులో నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నా డీజిల్ తగ్గదు కదా. ఇక్కడ నాలుగు సీట్లే మొత్తం బస్సు. ఒక జంట రాకపోతే సగం ఆదాయం పోయినట్టే, ఇంధనం మాత్రం దాదాపు అంతే కాలుతుంది.

శనివారం పదకొండు గంటలకి ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డ అమ్మాయి ఒకేసారి ఆరు సంగతులు చూసుకోవాలి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు. వచ్చినవాళ్లు ప్రమాద బాధ్యత పత్రం, అంటే వేవర్, సంతకం చేశారా. బరువు ఎంత. ఏ ఇన్‌స్ట్రక్టర్ కిందికి దిగాడు, ఎవరు ఇంకా గాల్లో ఉన్నారు. మడతపెట్టి సిద్ధంగా ఉన్న టాండెమ్ రిగ్‌లు, అంటే వీపుకి తగిలించుకునే పారాషూట్ సంచులు, ఎన్ని. గాలి పెరిగి ఆపేస్తే వీళ్లందరికీ ఎవరు కబురు చెప్పాలి. ఇదంతా తెల్లబోర్డు మీద, ఒక ఎక్సెల్ షీట్‌లో, మిగతాది ఆమె తలలో నడుస్తూ ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ పోటీ వేరే సాఫ్ట్‌వేర్‌తో కాదు, ఆ తెల్లబోర్డుతో. బోర్డుకి చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, నెట్ పోయినా పనిచేస్తుంది.

అందుకే మొదటి విడుదలలో మానిఫెస్ట్ ఒక్కటీ గట్టిగా ఉంటే చాలు. వెబ్‌సైట్ బుకింగ్, మార్కెటింగ్ ఈమెయిళ్లు, ఫొటోల అమ్మకం తర్వాత చూసుకోవచ్చు. కానీ ఈ ఒక్కదాంట్లో కొన్ని చోట్ల తప్పు జరిగితే క్షమించరు.

మొదటిది నెట్. డ్రాప్‌జోన్లు ఊరి బయట చిన్న ఎయిర్‌స్ట్రిప్‌ల దగ్గర ఉంటాయి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ రోజు లోడ్లన్నీ కౌంటర్ కంప్యూటర్లోనే ఉండి, నెట్ వచ్చినప్పుడు సర్వర్‌తో కలిసిపోవాలి. రెండు ట్యాబ్‌ల నుంచి ఒకే సీటుకి ఇద్దరిని వేస్తే, చివరగా రాసినవాళ్లదే చెల్లుతుందని మనం తేల్చేయకూడదు. రెండూ చూపించి కౌంటర్ దగ్గరి మనిషినే ఎంచుకోమనాలి.

రెండోది బరువు. ఫోన్లో చెప్పిన బరువు, తూకం మీద బరువు ఒకటి కావు. ఎందుకో ఎవరికైనా తెలుసు. రెండు గడులు పెట్టండి, లోడ్ మొత్తానికి తూకం బరువే కలపండి. అమెరికాలో పౌండ్లు, ఆస్ట్రేలియాలో కిలోలు, బ్రిటన్‌లో 14 పౌండ్లకు ఒక స్టోన్. ఈ మార్పిడిలో గుండ్రం చేసే పద్ధతి ఒకేలా లేకపోతే పైలట్ మీ అంకెను నమ్మడం మానేస్తాడు. ఒకసారి మానేస్తే మళ్లీ కాగితమే.

మూడోది రిజర్వ్ పారాషూట్ గడువు. అసలుది తెరుచుకోకపోతే వాడేది ఇది. అమెరికా నిబంధనల ప్రకారం రిజర్వ్‌ను లైసెన్సున్న రిగ్గర్, అంటే పారాషూట్లు మడిచే నిపుణుడు, 180 రోజుల్లోపు మడిచి ఉండాలి. 2008కి ముందు ఆ గడువు 120 రోజులు. అంటే ఈ అంకె మారుతుంది, దేశాన్ని బట్టి కూడా మారుతుంది. కోడ్‌లో పాతిపెట్టకుండా సెట్టింగ్‌గా ఉంచండి. గడువు దాటిన రిగ్‌ను లోడ్‌లో వేయబోతే పసుపు రంగు హెచ్చరికతో సరిపెట్టకండి. హడావిడిలో పసుపు రంగు ఎవరికీ కనపడదు. వేయనివ్వకండి.

నాలుగోది గడియారం. అమెరికాలో వేసవి సమయం మార్చి రెండో ఆదివారం మొదలై నవంబర్ మొదటి ఆదివారం ముగుస్తుంది. రెండూ ఆదివారాలే, అంటే దూకే రోజులే. బుకింగ్ వేళను ఆ ఊరి టైమ్‌జోన్ పేరుతో కాకుండా స్థిరమైన గంటల తేడాతో దాచితే, జనవరిలో తీసుకున్న తొమ్మిది గంటల బుకింగ్ మార్చిలో ఎనిమిదికో పదికో జరిగిపోతుంది. మనకి ఏడాది పొడుగునా ఒకటే గడియారం కాబట్టి ఇది పరీక్షల్లో తట్టదు.

దాటకూడని గీత కూడా ఒకటుంది. గాలి వేగం చూపించండి, తప్పులేదు. కానీ 'ఇప్పుడు దూకవచ్చు' అని సాఫ్ట్‌వేర్ ఎన్నడూ చెప్పకూడదు. ఆ మాట వాళ్ల సేఫ్టీ అధికారిది. వేవర్ పాఠం కూడా వాళ్ల లాయర్ రాసిందే ఉండాలి. సంతకం చేసిన వేళ, ఏ వెర్షన్ మీద చేశారు, వయసు 18 నిండిందా, ఇవి భద్రపరచడం వరకే మన పని.

ఇక విడుదల ఎప్పుడు? సీజన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారమని అడగడమంటే పెళ్లిలో వంటవాణ్ణి మార్చమని అడగడమే. ఉత్తరాన చలి ఉన్న ప్రాంతాల్లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కేంద్రాలు మూతపడతాయి, లేదా మందకొడిగా నడుస్తాయి. అమ్మకం, డేటా మార్పిడి, శిక్షణ అప్పుడే. ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాలకైతే తలకిందులు. ఇందులో ఒక మెలిక ఉంది: డిసెంబర్‌లో క్రిస్మస్ కానుకలుగా టాండెమ్ వోచర్లు బాగా అమ్ముడుపోతాయి. వాటిని పాత పద్ధతిలోంచి తీసుకొచ్చేటప్పుడు ఒక్క నంబరు తప్పిపోయినా ఏప్రిల్‌లో కౌంటర్ దగ్గర గొడవే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం కానుక సర్టిఫికెట్‌లోని డబ్బుకు 5 ఏళ్ల లోపు గడువు తీరకూడదు. కాబట్టి నాలుగేళ్ల నాటి కాగితం పట్టుకుని ఎవరో వస్తారు. పాతవన్నీ ఎక్కించండి.

దానికంటే సున్నితమైనవి పాత జంపర్ల ఖాతాలు. ఒంటరిగా దూకే లైసెన్సున్న వాళ్లు ముందే డబ్బు కట్టి, దూకిన ప్రతిసారీ తీసివేయించుకుంటారు. మొదటి రోజే ఒకరి ఖాతాలో 25 డాలర్లు తక్కువ కనపడితే, సాయంత్రం మంట చుట్టూ కూర్చున్న అందరికీ ఆ వార్త చేరిపోతుంది. అందుకని బోర్డు తీసేయకుండా రెండు వారాంతాలు రెండూ పక్కపక్కన నడపాలి. ప్రతి సాయంత్రం లోడ్ల సంఖ్య, ఇన్‌స్ట్రక్టర్ల చెల్లింపు, ప్యాకర్ల చెల్లింపు, ఈ మూడూ సరిచూడాలి. వీళ్లలో చాలామందికి నెల జీతాలుండవు, దూకుడుకి ఇంత, మడతకి ఇంత. ఈ లెక్క నిమిషంలో తేలిపోవడం చూసిన యజమానికి ఇక డెమో అక్కర్లేదు.

ఇప్పుడు ధర. మనవాళ్లు ముందుగా వేసే తప్పటడుగు, ఒక్కో యూజర్‌కి ఇంత అనడం. ఇక్కడ పనిచేసేవాళ్లు వారాంతపు మనుషులు. ఈ వారం పది మంది, వచ్చే వారం పాతిక. యూజర్‌కి డబ్బంటే అందరూ ఒకే లాగిన్ వాడతారు, అప్పుడు ఏ లోడ్‌లో ఎవరు ఏం మార్చారో తెలీదు. మన ధరే మన రికార్డును చెడగొడుతుంది. రెండో తప్పు, టికెట్‌లో శాతం అడగడం. చిన్న కేంద్రం యజమానికి ఇది నచ్చుతుంది, కానీ పెద్ద విమానం కొన్న రోజున మీ బిల్లు చూసి సొంతంగా రాయించుకుంటాడు.

విమానాన్ని బట్టి కట్టండి. విమానాన్ని దాచలేరు, వెబ్‌సైట్‌లో ఫొటో పెట్టి మరీ చెప్పుకుంటారు. వ్యాపారం పరిమాణం కూడా దాన్నిబట్టే తెలుస్తుంది. ఉదాహరణకి సెస్నా 182 లాంటి పిస్టన్ విమానం ఒకటి ఉంటే సీజన్‌లో నెలకి 120 డాలర్లు, సెస్నా కారవాన్ లాంటి పెద్ద టర్బైన్ విమానం ఉంటే 250. సీజన్ కాని నెలల్లో 25. లెక్క చూద్దాం. ఏడాదికి 40 ఎగరగల రోజులు, రోజుకి 10 లోడ్లు, లోడ్‌కి 2 టాండెమ్‌లు అనుకుంటే 800 దూకుళ్లు. మన బిల్లు 8 నెలలు 120 చొప్పున 960, 4 నెలలు 25 చొప్పున 100, మొత్తం 1,060 డాలర్లు. దూకుడుకి డాలరు ముప్పై సెంట్లు. టికెట్ 250 డాలర్లయితే అర శాతం కన్నా కాస్త ఎక్కువ. సీజన్ నెలకి ఒక్క ఖాళీ సీటు నింపినా 120 డాలర్ల బిల్లు గిట్టుతుంది. యజమానితో మాట్లాడేటప్పుడు ఆ ఒక్క వాక్యమే చెప్పండి, ఫీచర్ల చిట్టా వద్దు.

ఆ 25 డాలర్ల నెలలు దయతో పెట్టినవి కావు. అవి లేకపోతే నవంబర్‌లో రద్దు చేసుకుంటారు, మార్చిలో మళ్లీ నాలుగు చోట్ల బేరమాడతారు. ఏడాది మొత్తం ఒకేసారి కట్టేవారికి తగ్గింపు ఇవ్వదలిస్తే మే నెలలో అడగండి, డబ్బు చేతిలో ఆడే కాలం అది. ఉచితం మాత్రం వద్దు. మొదటి ఐదుగురికి ఏడాదిపాటు సగం ధర ఇచ్చి, బదులుగా వారానికి ఒక ఫోన్ కాల్ అడగండి. ఉచితంగా తీసుకున్నవాడు ఫిర్యాదు చేయడు, వాడటం మానేస్తాడంతే.

వసూలు సంగతి కొంచెం. విదేశీ కార్డులకు మీ తరఫున అమ్మి అక్కడి పన్నులు కూడా చూసుకునే పాడిల్ లాంటి సంస్థలు 5 శాతంతో పాటు 50 సెంట్లు తీసుకుంటాయి. 120లో 6 డాలర్ల 50 సెంట్లు పోతాయి. ఎగుమతి సేవలకు జీఎస్టీ లేకుండా బిల్లు వేయాలంటే ఆర్ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఏటా దాఖలు చేయాలి. మర్చిపోతే ఐజీఎస్టీ ముందు కట్టి తర్వాత వాపసు కోసం తిరగాలి. దేశంలోని కస్టమర్ల కార్డుల నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా తీసుకునే మొత్తం 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. వాళ్లకి ఏడాది బిల్లు ఒకేసారి వేస్తే ఇక్కడే ఆగిపోతుంది.

మొదట చెప్పిన అంకెకి వద్దాం. కొన్ని వందల సంతలో మీకు 60 మంది దొరికితే చాలా బాగా చేసినట్టు. అందరూ 120 కట్టేవాళ్లే అనుకుంటే సీజన్‌లో నెలకి 7,200 డాలర్లు, డాలరు 85 రూపాయలైతే 6 లక్షల పైన. చలికాలంలో 1,500 డాలర్లు, అంటే లక్షా పాతిక వేల పైన. ఇద్దరు ముగ్గురు బతకడానికి ఇది సరిపోతుంది. పెట్టుబడిదారుల కోసం స్లైడ్లు చేసే వ్యాపారం కాదు. గూగుల్ ప్రకటనలకీ ఇక్కడ పనిలేదు, యూఎస్‌పీఏ జాబితా అందరికీ అందుబాటులోనే ఉంది. మంగళ, బుధవారాల్లో ఫోన్ చేయండి. రెండేళ్లకోసారి జరిగే పారాషూట్ ఇండస్ట్రీ అసోసియేషన్ సింపోజియంకి ఒకరిని పంపగలిగితే ఒక ఏడాది ఫోన్ల పని తప్పుతుంది.

ఈ లెక్కలో ఎక్కువమంది వదిలేసే ఖర్చు ఒకటుంది. అమెరికా తూర్పు తీరంలో వేసవి శనివారం ఉదయం 8 అంటే మనకి సాయంత్రం 5:30. పడమటి తీరంలో 8 అంటే మనకి రాత్రి 8:30. అక్కడ పొద్దుగూకేసరికి ఇక్కడ ఆదివారం తెల్లవారిపోతుంది. ఆ రాత్రంతా ఫోన్ దగ్గర ఒక మనిషి ఉండాలి, సర్వర్ సరిచేయగల మనిషి ఇంకొకరు, మళ్లీ ఆదివారం రాత్రి కూడా. ఆ ఇద్దరికీ వారాంతాలకు నెల మొత్తం ఇచ్చే జీతాన్ని 60తో భాగించి 120లోంచి తీసేసి చూడండి. మిగిలింది చాలదనిపిస్తే కొత్త ధర నవంబర్‌లో చెప్పి మార్చి నుంచి అమలు చేయండి. జూన్‌లో, లోడ్ల మధ్యలో మాత్రం చెప్పకండి.