కడప బండ మీద తడి పాదం

(దృశ్యం: ఇంటి వరండా. నల్లటి బండ మీద రెండు తడి అడుగులు.)

నమస్కారం. మా కడప నల్లబండ మీద తడి కాలు పెడితే అచ్చు ఎంత స్పష్టంగా పడుతుందో చూడండి. మొదటి అడుగులో మడమ, వేళ్ల మొదళ్లు ఉన్నాయి. మధ్యలో లోపలివైపు ఖాళీ. అక్కడ పాదం కమానులా లేచి ఉంది. రెండో అడుగులో ఆ ఖాళీ లేదు, అరికాలంతా నేలను అంటింది. అది చదునుపాదం.

(దగ్గరి దృశ్యం: వెనుక నుంచి మడమలు, మోకాళ్లు.)

ఒక్కో పాదంలో 26 ఎముకలు. కమాను కుంగితే మడమ పక్కకు వాలుతుంది, మోకాలి కింది ఎముక లోపలికి తిరుగుతుంది, తొడ ఎముకా దాని వెంటే తిరుగుతుంది. అప్పుడు కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, ముందుకు వాలి నడుము లోవంపు కాస్త పెరగవచ్చు. ఒకసారి లేచి నిలబడి, పాదాలు ఎత్తకుండా రెండు చీలమండలనూ లోపలికి వాల్చండి. మోకాళ్లు ఎటు తిరిగాయి? తొడల దాకా తెలుస్తోంది కదా!

అయినా భయపడకండి. చదునుపాదాలతో ఏ నొప్పీ లేకుండా జీవితమంతా నడిచేవారు ఎందరో. చిన్నపిల్లల పాదాలు చదునుగానే ఉంటాయి. మునివేళ్ల మీద నిలబడినప్పుడు కమాను కనబడి, నొప్పి లేకపోతే సాధారణంగా చికిత్స అక్కర్లేదు.

(దృశ్యం: ఒక కాలి కింద పలచటి పుస్తకం పెట్టుకుని నిలబడిన యువకుడి వీపు. తర్వాత అతడు స్టూలు మీద కూర్చుంటాడు.)

తేడా ఒక్క కాలిలోనే ఉంటే సంగతి వేరు. ఒక కాలు పొట్టిగా ఉంటే కటి ఆ పక్కకు దిగుతుంది. తలను నిటారుగా నిలపడానికి వెన్నెముక పక్కకు వంగుతుంది. చూడండి, కూర్చోగానే ఆ వంపు పోయింది! అంటే అది కాళ్ల నుంచి వచ్చిన వంపు.

కూర్చున్నా పోనిది పార్శ్వగూని కావచ్చు. ఎక్స్‌రేలో 10 డిగ్రీలు, ఆపైన వంపు ఉంటే వైద్యులు ఆ పేరు పెడతారు. ఇందులో వెన్నుపూసలు మెలి కూడా తిరుగుతాయి. ఎదిగే వయసు పిల్లల్లో చాలావరకు దీనికి కారణం తెలియదు. చెప్పుల్లో మెత్త పెడితే ఇది సరికాదు. దయచేసి ఆ ఆశతో నెలలు పోగొట్టకండి, ఎదుగుదల వేగంగా ఉన్నప్పుడే ఈ వంపూ పెరుగుతుంది.

అమ్మలకు ఒక మాట. పరికిణీ అంచు ఒక పక్క కిందికి దిగుతోందా? జాకెట్టు కొలతల్లో ఒక భుజం ఎత్తుగా ఉందని దర్జీ అన్నాడా? బిడ్డను మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనండి, వెనుక నుంచి వీపు చూడండి. ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా లేస్తే, ఈ వారమే ఎముకల వైద్యుడికి చూపించండి.