అప్పడాల పిండిలో తాబేలు గుడ్లు

(బరంపురంలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో పిల్లలను ఒళ్ళో అదిమిపట్టుకుని కూర్చున్నవాళ్ళు వాళ్ళను కిందికి వదిలేయండి. పిల్లల గురించి మాట్లాడే సభలో పిల్లలు కదలకూడదంటే ఎలా? ఇక్కడ చాప మీద కొన్ని బొమ్మల పుస్తకాలు పరిచాను. వాటి మీద పాకినా ఫరవాలేదు.

నన్ను పిలిచినవాళ్ళు, "మీరు పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతారట కదా, ఆ పద్ధతి చెప్పండి" అన్నారు. పద్ధతి అనేంత పెద్ద మాట నాకు తగదు. నేను టీచరును కాను. మా అమ్మాయికి మూడేళ్ళు నిండగానే అందరిలాగే ఒక నర్సరీలో వేశాం. మూడు నెలల్లో ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ గడగడా అప్పజెప్పేది. ఇంట్లో మాత్రం మాట తగ్గిపోయింది. ఒక రోజు మా అత్తగారు దోసకాయ తరుగుతుంటే దాన్ని చూపించి "కకుంబర్" అంది. "మనం దీన్ని ఏమంటామే?" అని ఆవిడ నవ్వుతూ అడిగారు. తెలియకపోతే తెలియకపోయింది. కానీ, తప్పు చెబితే ఏమవుతుందో అన్నట్టు పిల్ల నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. మర్నాటి నుంచి పంపలేదు. ఆరేళ్ళు నిండాక బడిలో వేశాం, ఇప్పుడు నాలుగో తరగతి. అబ్బాయికి అయిదేళ్ళు. వాడింకా ఇంట్లోనే, నా కొంగు పట్టుకునే ఉన్నాడు.

చట్టం సంగతి అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం మాట్లాడేది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల గురించి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్ళనే లెక్కపెట్టింది. మూడు నుంచి ఆరు దాకా ఇంట్లో ఉంచుకుంటే ఎవరూ వచ్చి పట్టుకుపోరు. బడి మీద నాకు కోపం లేదు, తొందర మీదే కోపం.

మన సంగతి ఇంకొకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ బరంపురం ఉన్న గంజాం అటు వెళ్ళింది, మన తాత ముత్తాతలు ఉన్నచోటే ఉండిపోయారు. మన పిల్లలకు వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఫోనులో హిందీ. తెలుగుకు మిగిలింది ఇల్లే. ఆ ఇంట్లో కూడా మనం వాళ్ళతో ఏం మాట్లాడతామో ఒక రోజంతా వినండి: తిను, కడుక్కో, పడుకో, అరవకు. ఇరవై మాటలతో రోజు గడిచిపోతుంది. తెలుగు రావడం లేదని ఆ తరువాత బాధపడతాం. ఇరవై మాటలు చెప్పి రెండువేలు రమ్మంటే ఎక్కడి నుంచి వస్తాయి?

మా వాడు "అమ్మా, బిలేయి పాలు తాగేసింది" అంటాడు. పిల్లి అనరా అని నేను దిద్దను. "అవునా, ఏ పిల్లి? ఆ గోడ మీది నల్ల పిల్లేనా?" అంటాను. వాడికి రెండు మాటలూ దక్కుతాయి. పక్కింటి పిల్లలు చంద్రుణ్ణి జహ్నమాము అంటారు, మనం చందమామ అంటాం. ఏ భాషలో పిలిచినా మేనమామే. భాషలు కలిస్తే పిల్లలు తికమకపడతారని భయపడేవాళ్ళకు నేనిచ్చే జవాబు ఇదే.

ఇక బొమ్మల పుస్తకం. దాన్ని మనం చదివేసి మూసేస్తాం. పదహారు పేజీలు, అయిదు నిమిషాలు. పిల్లవాడు "మళ్ళీ" అంటాడు. మూడోసారికి మనకు విసుగొస్తుంది. ఆ విసుగు వచ్చినచోటే చేతికి పని పెట్టాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఏ పని, ఎంత పని అన్నదగ్గరే నేను మొదట్లో బోల్తా పడ్డాను.

అమ్మాయిని ఇంట్లో ఉంచిన కొత్తలో నాకు మహా ఉత్సాహం. వాన మీద ఒక పుస్తకం తెచ్చి దానికి పదకొండు పనులు రాసుకున్నాను. కాగితం పడవ, దూదితో మబ్బు, నీలిరంగు పూయడం, చినుకులు లెక్కపెట్టడం, గొడుగు బొమ్మ కత్తిరించడం... మూడో రోజుకు పుస్తకం కనిపించలేదు. వారం తరువాత మంచం కింద బియ్యం డబ్బా వెనక దొరికింది. దాచింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. పుస్తకం కనిపిస్తే అమ్మ పని చెబుతుందని పిల్ల భయపడింది. నర్సరీ వద్దనుకుని ఇంట్లోనే ఇంకో నర్సరీ పెట్టానన్నమాట.

ఆ తరువాత రెండు నియమాలు పెట్టుకున్నాను, రెండూ నాకే. మొదటి రోజు చదవడం తప్ప ఏ పనీ ఉండదు. రెండోది, ఆ రోజు ఇంట్లో ఎలాగూ జరిగే పనిలోనే పుస్తకాన్ని కలపాలి. బజారుకు వెళ్ళి మెరుపుల కాగితాలూ జిగురు సీసాలూ కొనే పనైతే వద్దు. నిరుడు మార్చిలో జరిగింది చెబితే మీకు తెలుస్తుంది.

మా అబ్బాయితో తాబేలు పుస్తకం ఒకటి చదువుతున్నాం. మనకు ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోటు దూరమేమీ కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొద్దీ ఒడ్డుకెక్కి, ఇసుకలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతాయి. ఒక్కొక్కటి ఇంచుమించు నూరు గుడ్లు పెడుతుంది. నూరు అంటే ఎంత అని వాడి ప్రశ్న. నాలుగేళ్ళవాడికి నూరు అంటే 'చాలా' అని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. ఆ రోజు ఇంట్లో అప్పడాలు. మా అత్తగారు మినప్పిండి కలిపి, నూనె చేత్తో దంచి, ముద్ద ముందు పెట్టుకుని కూర్చున్నారు. "నాయనమ్మా, ఇవి తాబేలు గుడ్లు" అని వీడు మొదటి ఉండ చుట్టాడు. ఆవిడకు చిరాకే. అప్పడాల పిండితో ఆటలేమిటని నన్నొక చూపు చూశారు. అయినా చేతులు రెండు ఎక్కువైతే పని తొందరగా తెములుతుందని ఊరుకున్నారు.

పళ్ళెంలో వరుసకు పది చొప్పున పెట్టమన్నాను. నాలుగు వరుసలయ్యేసరికి చేతులు నొప్పులన్నాడు. "తాబేలు కూడా మధ్యలో ఆగుతుందా?" అని అడిగాడు. "ఆగితే తెల్లారిపోతుందిరా, కుక్కలొచ్చి తవ్వుకుపోతాయి" అన్నారు మా అత్తగారు. ఆవిడ ఎప్పుడు ఆటలో చేరిపోయారో నేను గమనించలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. పిండి అయిపోయేసరికి ఎనిమిది నిండు వరుసలు, తొమ్మిదో దాంట్లో మూడు. వాడు కాసేపు చూసి, "ఇక్కడ ఏడు లేవు, ఇంకో వరుస మొత్తం లేదు" అన్నాడు. ఎనభై మూడు అనడం వాడికి రాదు, నూరులోంచి తీసివేయడం అసలే రాదు. కానీ ఆ లోటు కంటికి ఆనింది. ఇసుక కప్పాలని పట్టుబట్టాడు. ఎండిపోకుండా ఎలాగూ తడిగుడ్డ వేయాలి కదా, మా అత్తగారు గుడ్డ కప్పి "ఇదేరా ఇసుక" అన్నారు.

ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయని నేను ఎక్కడో చదివింది అప్పుడు చెప్పాను. ఆవిడ అప్పడాల కర్ర ఆపి, "అయితే తల్లిని అనడానికి లేదన్నమాట" అన్నారు. ఆ మాట వెనక ఎన్నేళ్ళున్నాయో ఈ సభలో చాలామందికి తెలుసు. నేను ముందుకు పోతాను.

గుడ్డ తీసి ఒత్తడం మొదలుపెట్టాక వాడికి కొత్త దిగులు. "పిల్లలు పుట్టాయి కానీ అణిగిపోయాయి" అన్నాడు. ఆ పూట వాడి నోట కొత్తగా వినబడిన మాటలు నేను రాసుకున్నాను: ముద్ద, ఉండ, ఒత్తడం, పలచన, అంచు, చిట్లింది, ఆరబెట్టడం. ఇందులో ఒక్కటీ ఆ పుస్తకంలో లేదు. పుస్తకం పని కల్పించింది, మాటలు వంటింట్లో దొరికాయి. 2023లో కేంద్ర ప్రభుత్వం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టె ఒకటి తెచ్చింది, మంచిదే. పోపులపెట్టె మాత్రం అప్పటికే అందరి ఇళ్ళలోనూ ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గింజ పుస్తకమైతే తడిగుడ్డలో పెసలు మూటకట్టండి, మర్నాటికే మొలక తొంగిచూస్తుంది. చిక్కుడు గింజకు ఓపిక కావాలి, మూడేళ్ళవాళ్ళకు అది ఉండదు. నేత పుస్తకమైతే పాత కేలెండరును పట్టీలుగా చించి ఒకటి పైకీ ఒకటి కిందికీ అల్లించండి. తరువాత బీరువాలోంచి బరంపురం పట్టుచీర తీసి అంచు మీది కుంభాలను వేలితో తడమనివ్వండి. చేతులు తుడిచాకే సుమా.

అక్షరాల గురించి ఒక మాట. మనం అక్షరాభ్యాసానికి పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దిస్తాం. ఒడియా ఇళ్ళలో ఖడిఛుఆ రోజున సుద్దముక్కతో నేల మీద మూడు గుండ్రాలు గీయిస్తారు, బ్రహ్మ విష్ణు మహేశ్వరులని. వేలికి ముందు గుండ్రం రావాలి, అక్షరం ఆ తరువాత. మన లిపీ వాళ్ళ లిపీ రెండూ గుండ్రాలే కదా. నేను పెన్సిలు అయిదేళ్ళదాకా ఇవ్వలేదు. బొంబాయి రవ్వ పళ్ళెం, ముగ్గుపిండి, తడివేలితో అరుగు మీద రాత, ఇవే చాలాయి. మొదటి రోజే నాలుగు గీతల పుస్తకం కొనిపెట్టే తండ్రులను చూస్తే నాకు జాలేస్తుంది. తండ్రుల మీద కాదు, ఆ వేళ్ళ మీద.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో పుట్టిన సంగతని ఎవరైనా అంటే ఈ ఊరినే చూపించండి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 1905లో ఈ బరంపురంలోనే పుట్టారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, 1945లో 'బాల' పత్రిక తెచ్చి, భార్య కామేశ్వరి అక్కయ్యగారితో కలిసి పిల్లలకు మద్రాసు రేడియోలో చోటిచ్చారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర అనే గిరిజన తెగ మనిషి ఒకరిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాశారు. ఇంటి మాటతో చదువు మొదలవ్వాలన్న సంగతి మన జిల్లాలవాళ్ళకు మరొకరు వచ్చి చెప్పాలా?

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయం ఉంది, వెల తక్కువ. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో పుస్తకాలు ఊరికే దింపుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. తెలుగులోనూ ఉన్నాయి, ఒడియాలోనూ ఉన్నాయి. ఒకే బొమ్మల కథను తెలుగులో నేనూ ఒడియాలో పక్కింటామె చదివి వినిపిస్తాం. పిల్లలు మాత్రం రెండిళ్ళలోనూ వింటారు, రెండిళ్ళలోనూ తింటారు.

ఇందాక ఒకావిడ, పుస్తకం ఇస్తే చింపేస్తున్నాడని చెప్పారు. చింపుతారండీ. మా వాడు తాబేలు పుస్తకంలో ఒక పేజీ ఊడబెరికాడు. నేను కోప్పడబోతే మా అత్తగారు అన్నం మెతుకులు నాలుగు తెచ్చి వాడి చేత మెదిపించి అంటింపజేశారు. పేజీ తలకిందులుగా అంటుకుంది. ఎవరం దాన్ని మళ్ళీ ఊడదీయలేదు. ఇప్పటికీ ఆ పేజీ రాగానే వాడు పుస్తకాన్ని తిప్పి పట్టుకుని, అది చదివి, మళ్ళీ నిటారుగా పెట్టుకుని ముందుకు పోతాడు. ఆ పుస్తకం చాప మీద ఆ చివర ఉంది, చూడండి. పక్కన గిన్నెలో అన్నం కూడా పెట్టాను.